ఎండలో ఫోన్ కెమెరా మూసుకుపోతోంది, ఉపాధి పని కాడ ఏం చేయాలి?

పొదిలి_మేట్
ఉపాధి హామీ పని కాడ నేను మేట్‌ని, కూలీల హాజరు నేనే వేయాలి. హాజరు ఫోటోలు రెండు తీయాలి. పొద్దున్నే తీసే మొదటిది బాగానే వస్తుంది. రెండోదానికి పదిన్నర, పదకొండప్పుడు ఫోన్ తీస్తే వేడెక్కిందని మెసేజ్ చూపించి కెమెరా మూసుకుపోతుంది. లేదంటే హాజరు యాప్ తెరుచుకోడానికే ఐదు నిమిషాలు. పవర్ బ్యాంకు పెడితే ఛార్జింగ్ ఎక్కదు. చెరువులో పూడికతీత, కనుచూపు మేరలో చెట్టు లేదు. ఫోన్ రెండేళ్ల నాటిది, 5జీ, నల్ల రంగు, మందపాటి కవరు. ఇది ఫోన్ జబ్బా, ఎండ జబ్బా? కొత్త ఫోన్ కొనమని మాత్రం చెప్పొద్దు.

నెల్లూరు_పులుసు
రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, నీ ఫోన్ ఎంతబ్బా.

చీమకుర్తి_నల్లరాయి
ముందు ఆ కవరు పీకెయ్. కవరు వెనకాల వంద నోటు, ఏటీఎం కార్డు, ఆధార్ జిరాక్సు దాచి ఉంటావు, అవి కూడా తియ్. ఫోన్ వేడి వదిలేది వీపు వైపు నుంచే. ఆడ ఇన్ని పొరలు పెడితే ఎండాకాలం రగ్గు కప్పినట్టే.

ఒంగోలు_ఈఈఈ
ఫోన్ జబ్బు కాదు. చిన్న లెక్క చూడండి.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరు మీద పడేది సుమారు 1000 వాట్లు. ఫోన్ 16 సెం.మీ. పొడవు, 7.5 సెం.మీ. వెడల్పు అనుకుందాం. అంటే 0.012 చదరపు మీటరు. ఎండకి ఎదురుగా పెడితే దాని మీద పడేది 12 వాట్లు. నల్ల అద్దం అందులో చాలావరకు మింగేస్తుంది. స్క్రీను, ప్రాసెసరు, కెమెరా, నెట్టు అన్నీ గట్టిగా పనిచేసినప్పుడు ఫోన్ లోపల పుట్టే వేడి 4, 5 వాట్లకు మించదు. అంటే బయటి నుంచి వచ్చే వేడే రెట్టింపు. వెనకాల నడిచే యాప్‌లు మూస్తే అర వాటు మిగులుతుందేమో, గొడుగు పడితే పది వాట్లు మిగులుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక ఫోన్‌లో ఫ్యాను ఉండదు. గాలి 43 డిగ్రీలుంటే ఫోన్ నీడలో ఉన్నా 43 కంటే కిందికి దిగదు, పనిచేస్తుంటే ఇంకో ఎనిమిది, పది డిగ్రీలు పైనే ఉంటుంది. ఐఫోన్‌కి ఆ కంపెనీ చెప్పిన వాడకపు హద్దు 35 డిగ్రీలు. మే నెలలో మనకి టిఫిన్ వేళకే ఆ హద్దు దాటిపోతుంది. హద్దు దాటగానే ఫోన్ తనని తాను కాపాడుకునే పని మొదలెడుతుంది. ముందు ప్రాసెసరు వేగం తగ్గిస్తుంది, మీ యాప్ నత్తనడక అందుకే. తర్వాత స్క్రీను వెలుగు తగ్గిస్తుంది, ఆపైన ఫ్లాషు, కెమెరా, చివరికి ఫోనే ఆగిపోతుంది. ఛార్జింగ్ సంగతి వేరే. లిథియం అయాన్ బ్యాటరీ 45 దాటాక మామూలు వేగంతో ఛార్జి చేయకూడదు కాబట్టి ఫోన్ బాగా తగ్గించేస్తుంది, లేదా మొత్తం ఆపేస్తుంది. పవర్ బ్యాంకు చెడిపోయిందని మార్చకండి.

పొదిలి_మేట్
గొడుగు సరే. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ఫోన్, మస్టరు (హాజరు పట్టీ) ఎవరు పట్టుకోవాలి? అయినా ఫోటో తీసే రెండు నిమిషాల గురించి కాదు. అప్పటిదాకా నాలుగైదు గంటలు ఫోన్‌ని ఎక్కడ పెట్టాలన్నది అసలు గొడవ.

దర్శి_బ్యారన్
ఇంటికి రాగానే ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే చల్లబడుతుంది. మా వీధిలో అందరూ చేసేది అదే.

కావలి_బెంచ్
పైన ఫ్రిజ్ అన్నాయన మాట ఎవరూ వినొద్దు. మే, జూన్ నెలల్లో మా రిపేరు బెంచీ మీదికి వచ్చే నీళ్లు పట్టిన ఫోన్ బోర్డుల్లో నీళ్లలో పడనివి చాలా ఉంటాయి. ఫ్రిజ్ లోపల నాలుగైదు డిగ్రీలు. చల్లబడిన ఫోన్‌ని బయటికి తీస్తే, చల్లటి చెంబుకి చెమట పట్టినట్టు, లోపల బోర్డు మీద కూడా పడుతుంది. సిమ్ ట్రే సందులో ఉండే, నీళ్లు తగిలితే రంగు మారే తెల్ల స్టిక్కరు ఎర్రబడిందంటే వారంటీ పోయినట్టే. నీళ్లు, దుమ్ము లోపలికి పోవని చెప్పే ఐపీ68 గుర్తు ఉంది కదా అంటారు. అది బయటి నీళ్లకి. లోపల ఉన్న గాలిలోని తేమే నీళ్లయితే రబ్బరు వాచర్లు ఏం ఆపుతాయి?

కొత్తపట్నం_గట్టు
సముద్రం పక్కన అయితే ఇంకా ఘోరం. మా కాడ అద్దం కూడా చెమట పోస్తుంది.

ఒంగోలు_ఈఈఈ
అవును. 35 డిగ్రీల గాలిలో 60 శాతం తేమ ఉంటే, ఏ వస్తువు 26 డిగ్రీల కంటే చల్లబడినా దాని మీద నీరు పడుతుంది. 26 అంటే ఏసీ గదిలో మామూలు చల్లదనమే. అందుకే ఏసీ గాలి వచ్చే సందుకి ఫోన్ ఆనించి పెట్టడం కూడా మంచిది కాదు. కారులో ఏసీ వెంటుకి క్లిప్పు పెట్టేవాళ్లు రెక్కని కొంచెం పక్కకి తిప్పుకోండి.

దర్శి_బ్యారన్
మరి ఆటలాడే కుర్రాళ్లు ఫోన్ వెనకాల తగిలించే కూలర్ అమ్ముతారుగా, ఆరేడు వందలకి. దాంట్లో ఐసు మాదిరి చల్లదనం వస్తుంది.

ఒంగోలు_ఈఈఈ
అది పెల్టియర్ పలక. ఒక వైపు చల్లబడుతుంది, ఇంకో వైపు కాలుతుంది, ఆ వేడిని చిన్న ఫ్యాను బయటికి తోస్తుంది. దానికే పది వాట్లకు పైగా కరెంటు కావాలి, పొలంలో ఎక్కడి నుంచి తెస్తారు? తీరప్రాంతంలో అయితే పైన చెప్పిన చెమట సమస్య దీనికీ ఉంది. ఇంట్లో ఆడుకునేటప్పుడు మాత్రమే పనికొస్తుంది. ప్లేస్టోర్‌లో దొరికే "కూలింగ్" యాప్‌ల జోలికి అసలు పోవద్దు. యాప్ వేడి తీయలేదు, ప్రకటనలు చూపించి ఇంకొంచెం పుట్టిస్తుంది.

మార్కాపురం_పలక
మేట్ అన్నా, మన పడమటి వైపు వాళ్లకి ఒక సులువు ఉంది. తడి గుడ్డ. నీళ్ల కుండ మనకి ఎందుకంత చల్లబడుతుందో అదే పని.

నెల్లూరు_పులుసు
ఫోన్‌కి తడిగుడ్డ చుట్టమంటుండాడు. జొరమొచ్చిందా దానికి?

మార్కాపురం_పలక
ఫోన్‌కి కాదబ్బా, డబ్బాకి. మూత గట్టిగా పట్టే స్టీలు టిఫిన్ డబ్బా తీసుకో. లోపల పొడిగా తుడిచి, అడుగున మడత పెట్టిన పొడి చేతిరుమాలు వేసి, ఫోన్ అందులో పెట్టు. డబ్బా చుట్టూ నూలు తువ్వాలు తడిపి చుట్టు. పాలిస్టరు పనికిరాదు, నీళ్లు పట్టదు. నేల మీద కాకుండా, గాలి తగిలే చోట, నీడలో వేలాడదియ్యి. గొడుగు కింద అయినా సరే, తట్ట బోర్లించి దాని నీడన అయినా సరే. ముప్పావు గంటకోసారి తువ్వాలు తడపాలి. వడగాలి ఎంత కొడితే అంత చల్లబడుతుంది.

చీమకుర్తి_నల్లరాయి
స్టీలు డబ్బాలో పెడితే సిగ్నల్ రాదు. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోన్ లోపలే ఉడికిపోతుంది. ఇది తప్పు సలహా.

మార్కాపురం_పలక
ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మూత పెట్టాలి, రాయడం మర్చిపోయా. చీమకుర్తి అన్న చెప్పింది నిజమే.

కొత్తపట్నం_గట్టు
మా వైపు ఇది పనిచేయదు. తడి తువ్వాలు సాయంత్రానికి కూడా ఆరదు.

ఒంగోలు_ఈఈఈ
ఇద్దరూ కరెక్టే, తేడా తేమలో ఉంది. గాలి 43 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే తడి గుడ్డ దాదాపు 25 డిగ్రీల దాకా దిగగలదు. పొదిలి, మార్కాపురం, కనిగిరి వైపు పడమటి గాలి కొట్టే రోజున ఇలాగే ఉంటుంది. అదే 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న కొత్తపట్నంలో 28 దగ్గరే ఆగిపోతుంది, అది కూడా గాలి బాగా ఆడితేనే. 18 డిగ్రీల లాభం ఎక్కడ, 7 ఎక్కడ. డబ్బా, రుమాలు అడ్డం ఉన్నాయి కాబట్టి ఫోన్‌కి చేరేది ఇంకొంచెం తక్కువే.

ఇందులో ఇంకో మంచి గుణం ఉంది. ఆవిరితో వచ్చే చల్లదనం చెమట పట్టే డిగ్రీ కంటే ఎప్పటికీ కిందికి పోదు. అందుకే ఫ్రిజ్‌లాగా లోపల నీరు పట్టించదు. డబ్బాలోకి నీళ్లు కారకుండా చూసుకుంటే చాలు. ఐసు ముక్కలు వేసి "ఇంకా బాగా చేశా" అనుకుంటే మాత్రం మళ్లీ ఫ్రిజ్ కథే.

పొదిలి_మేట్
ఇది చేయగలిగే పనే. డబ్బా ఎటూ ఉంటుంది, నీళ్లూ ఉంటాయి. ఫోటో తీసేటప్పుడు ఏవైనా సెట్టింగులు మార్చాలా?

చీమకుర్తి_నల్లరాయి
ఫోన్ తీసిన వెంటనే ఫ్లైట్ మోడ్ తియ్, లొకేషన్ పట్టుకునేదాకా గొడుగు నీడలోనే ఉంచు. ఆటో బ్రైట్‌నెస్ ఆపెయ్. ఎండలో అది స్క్రీన్‌ని ఉన్నదంతా వెలిగిస్తుంది, మామూలుగా చేత్తో పెంచినా రానంత వెలుగు. గొడుగు నీడలో సగం చాలు. కెమెరా తెరిచి అందర్నీ వరసలో నిలబెట్టొద్దు, వరసలో నిలబెట్టాక కెమెరా తెరువు.

ఎర్రగొండపాలెం_అంచు
5జీ కూడా ఆపు, 4జీకి మార్చు. సిగ్నల్ ఒక గీత ఉన్న చోట ఫోన్ టవర్‌కి వినబడాలని గొంతు చించుకుంటుంది. నల్లమల అంచున ఇది ఇంకా ఎక్కువ, జేబులో ఊరికే ఉన్నా వెచ్చగా ఉంటుంది.

ఒంగోలు_ఈఈఈ
నిజం. కొన్ని నెట్‌వర్కుల్లో 5జీ ఒక్కటే నడవదు, దానికి ఆధారంగా 4జీ కనెక్షను కూడా అదే సమయంలో నడుస్తుంది. రెండు రేడియోలు పనిచేసినట్టు. ఫోన్ టవర్‌కి పంపే శక్తి మామూలుగా 0.2 వాటు దాకా ఉంటుంది, అది పుట్టించడానికి లోపలి ఆంప్లిఫయర్ తినేది దానికి కొన్ని రెట్లు. హాట్‌స్పాట్ పెట్టి పక్కవాళ్లకి నెట్టు ఇచ్చే దాతలు కూడా ఎండపూట ఆ దానం ఆపండి.

ట్రంకురోడ్డు_డెలివరీ
బైకు వాళ్ల సంగతి చెప్పండి. హ్యాండిల్‌కి హోల్డరు, మ్యాప్ ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి, ఛార్జరు బైకు బ్యాటరీ నుంచి. మధ్యాహ్నం ఆర్డర్లప్పుడే ఆగిపోతుంది.

కావలి_బెంచ్
నువ్వు చెప్పిన మూడూ కలిస్తే ఏ ఫోన్ అయినా ఆగుతుంది. ఎండ, పూర్తి వెలుగు, ఛార్జింగ్. అందులో ఛార్జింగ్ తీసెయ్. పొద్దున నిండుగా బయల్దేరు, ఆర్డరు కోసం హోటలు నీడలో నిలబడ్డప్పుడు పది నిమిషాలు పెట్టుకో. మ్యాప్‌ని గొంతుతో చెప్పించుకుని స్క్రీన్ ఆపు, చెవిలో ఒక పక్క ఇయర్‌ఫోను చాలు. హోల్డరు మీద టోపీ చూరులాంటి ప్లాస్టిక్ నీడ దొరుకుతుంది, లేకపోతే తెల్ల అట్టముక్కతో చేసుకో. చుట్టూ మూసేసే వాటర్‌ప్రూఫ్ జిప్పు పౌచ్ వానాకాలానికి దాచు. ఎండలో అది గాజు పెట్టె.

ఇంకొకటి. బైకు ఇంజను వణుకుడుకి కెమెరాలో లెన్సుని నిలకడగా పట్టే చిన్న మోటారు పాడవుతుంది. ఐఫోన్ కంపెనీ 2021లోనే దీని గురించి హెచ్చరిక పెట్టింది. వణుకు మింగే రబ్బరు డంపర్ ఉన్న హోల్డరు కొను.

నెల్లూరు_పులుసు
స్కూటీ డిక్కీలో వేసుకుంటే నీడే గదా?

కావలి_బెంచ్
నీడే, కింద ఇంజను పొయ్యి. చొక్కా జేబు మేలు. బయట 43 ఉన్నప్పుడు మన ఒళ్లే చల్లటిది. చెమట తగలకుండా పల్చటి ప్లాస్టిక్ కవరులో వేసుకో, స్క్రీను ఒంటి వైపు పెట్టు.

నెల్లూరు_పులుసు
మనిషి చల్లబరిస్తే ఫోన్ బతకాల. ఎంత కాలమొచ్చిందయ్యా.

కావలి_బెంచ్
ఇప్పటిదాకా అందరూ మంచి ఫోన్ గురించి మాట్లాడారు. మేట్ ఫోన్ రెండేళ్లదంటున్నాడు కాబట్టి ఈ మూడు సంగతులు చూసుకోవాలి.

ఒకటి, బ్యాటరీ ఎప్పుడైనా మార్పించారా? బ్యాటరీకి ప్లస్, మైనస్ కాక వేడి చెప్పే తీగ ఒకటి ఉంటుంది. దాని చివర థర్మిస్టర్, ఎక్కువగా 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓములు చూపించేది. వేడెక్కే కొద్దీ విలువ తగ్గుతుంది, ఫోన్ దాన్ని చూసే ఛార్జింగ్ ఆపుతుంది. చవక డూప్లికేటు బ్యాటరీల్లో కొన్నిట్లో దాని బదులు మామూలు రెసిస్టరు అతికించి ఉంటుంది. ఫోన్‌కి ఎప్పుడూ 25 డిగ్రీలే కనిపిస్తుంది, కాలిపోతున్నా ఛార్జి ఎక్కిస్తూనే ఉంటుంది. పట్టుకోవడం సులువు. అక్యుబ్యాటరీ లాంటి యాప్ వేసి బ్యాటరీ ఉష్ణోగ్రత పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఛార్జింగ్‌లో ఒకసారి చూడు. రెండుసార్లూ ఒకటే అంకె కదలకుండా ఉంటే ఆ బ్యాటరీ తీయించెయ్. ఒక రకంగా, "వేడెక్కింది, ఛార్జి చేయను" అనే ఫోనే నమ్మదగ్గ ఫోన్.

రెండు, ఫోన్ ఎవరైనా విప్పారా? ప్రాసెసరు మీది రేకు డబ్బాకి, వెనక ప్యానెల్‌కి మధ్య నల్లటి గ్రాఫైట్ షీటు, థర్మల్ జెల్ ఉంటాయి. వేడిని వీపంతా పరిచేవి అవే. విప్పేటప్పుడు షీటు చిరుగుతుంది, కొందరు మళ్లీ వేయరు. అట్టాంటి ఫోన్ కెమెరా పక్కన ఒక్కచోటే కాలుతుంది, మిగతా వీపు చల్లగా ఉంటుంది. వేలు పెడితే తెలిసిపోతుంది. షీటు వేయించడం పెద్ద ఖర్చు కాదు.

మూడు, రాత్రి ఫోన్ పూర్తిగా ఆపి, పడుకునే ముందు శాతం రాసుకో. పొద్దునకి ఒకటి, రెండు శాతం తగ్గితే మామూలే. పది, పదిహేను పోయి ఒక మూల వెచ్చగా ఉంటే బోర్డు మీద ఏదో కెపాసిటర్ లీకవుతోంది. ఎండకి సంబంధం లేదు. బెంచ్ సప్లై (కరెంటు ఇస్తూ కొలిచే పెట్టె) పెట్టి, ఫోన్ ఆపి ఉండగా ఎంత కరెంటు లాగుతోందో చూసి, బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాలు చల్లితే ఏది ముందు ఆరితే అదే దొంగ. ఇది మెకానిక్ పని, ఇంట్లో వద్దు.

చీమకుర్తి_నల్లరాయి
బ్యాటరీ ఉబ్బితే?

కావలి_బెంచ్
వెనక ప్యానెల్ లేచినా, స్క్రీన్ అంచున వెలుగు కారినా ఆ క్షణం నుంచి ఛార్జింగ్ బంద్. నొక్కి కూర్చోబెట్టొద్దు, సూది పెట్టి గాలి తీయొద్దు. ఆ గాలి మంటకి అంటుకునేది. ఇసక పోసిన మట్టి పాత్రలో పెట్టి ఇంటి బయట ఉంచి, షాపుకి తీసుకుపో. చెత్తబండిలో వేయొద్దు, బండి నొక్కినప్పుడు అంటుకుంటుంది.

దర్శి_బ్యారన్
మరి రాత్రి ఛార్జింగ్ అంతా పెట్టి పడుకోవచ్చా లేదా? ఫాస్ట్ ఛార్జర్ వల్లే ఇదంతా అంటారు.

ఒంగోలు_ఈఈఈ
ఫాస్ట్ ఛార్జర్ పాపం కొంతే. అది మొదటి అరగంట బాగా వేడి చేస్తుంది, తర్వాత తగ్గుతుంది. గది 36 డిగ్రీలు ఉన్నప్పుడు దాంతో పెడితే 45 హద్దు త్వరగా తగులుతుంది, ఆగి ఆగి ఎక్కుతుంది, కాబట్టి లాభమూ లేదు. పాత 5 వోల్టుల, 2 ఆంపుల ఛార్జరు ఇంట్లో ఉంటే ఎండాకాలం దానికే పని చెప్పండి. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో పెట్టిన కరెంటులో పాతిక శాతం దాకా వేడిగానే పోతుంది, మే నెల దాటేదాకా దాన్ని మర్చిపోండి.

బ్యాటరీని నిజంగా తినేసేది వేడిలో నిండుగా ఉండటం. 40 డిగ్రీల్లో ఏడాదిపాటు నిండు ఛార్జితో ఉంచిన లిథియం బ్యాటరీలో దాదాపు 65 శాతం సామర్థ్యమే మిగులుతుంది, 40 శాతం ఛార్జితో ఉంచినదాంట్లో 85 దాకా ఉంటుంది. అందుకే సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆపే మీట ఉంటే వేసుకోండి. మేట్ గారికి పొద్దున పనికి 80 చాలదా?

పొదిలి_మేట్
చాలుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచినప్పుడు పెడితే ఆరింటికి ఎక్కుతుంది.

మార్కాపురం_పలక
ఆ వేళ మంచిది, గాలి కాస్త చల్లగా ఉంటుంది. మంచం మీద, దిండు కింద పెట్టొద్దు. రాతి నేల మీద స్క్రీన్ పైకి, వీపు నేలకి ఆనేలా పెట్టు, కవరు లేకుండా. పరుపు వేడిని ఆపుతుంది, రాయి లాగేస్తుంది. కడప బండ అయినా సరే, మా ఊరి పలకరాయి అయినా సరే.

చీమకుర్తి_నల్లరాయి
గెలాక్సీ గ్రానైటు అయితే ఇంకా మేలు.

మార్కాపురం_పలక
మీ గ్రానైటు విదేశాలకి పోతుంది, మాకెక్కడ మిగులుతుంది.

చీమకుర్తి_నల్లరాయి
ఏ రాయి అయినా నీడలో ఉన్నదే. ఎండలో కాగిన అరుగు మీద పెట్టి నన్ను తిట్టొద్దు.

కొత్తపట్నం_గట్టు
ఫోన్ కాదు గానీ ఇదే బాపతు. రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్ల (నీళ్లకి గాలి పట్టించే మోటార్ల) మొబైల్ స్టార్టర్ ఉంది, సిమ్ వేసి ఫోన్‌తో నడిపేది. రెండు గంటలప్పుడు ఫోన్ చేస్తే ఎత్తదు, సాయంత్రం ఎత్తుతుంది. కంపెనీ వాళ్లు సిమ్ మార్చమన్నారు, మార్చినా అంతే.

ఒంగోలు_ఈఈఈ
పెట్టె ఏ రంగు, ఏ దిక్కున ఉంది?

కొత్తపట్నం_గట్టు
ముదురు బూడిద రంగు రేకు పెట్టె. స్తంభానికి పడమటి పక్క.

ఒంగోలు_ఈఈఈ
ఆ సమయమే జబ్బేంటో చెబుతోంది. పడమటి ఎండ నేరుగా రేకు మీద పడుతోంది, లోపల కాంటాక్టర్ల (మోటారుకి కరెంటు కలిపే స్విచ్చుల) వేడి తోడు. స్తంభానికి ఉత్తరం పక్కకి మార్చి బిగించండి. పైన, పడమట తాటాకు గానీ రేకు గానీ పెట్టె నుంచి జానెడు ఎడంగా కట్టండి, ఆ సందులో గాలి పోవాలి. పెట్టెకి తెల్ల పెయింటు. అడుగున, పై అంచు కింద జల్లెడ వేసిన కన్నాలు, పురుగులు దూరకుండా. సిమ్ బోర్డు కాంటాక్టర్ల పైన ఉంటే కిందికి దించండి, వేడి పైకే పోతుంది. యాంటెన్నా పెట్టె లోపల ఉంటే తీగతో బయటికి లాగండి, లేకపోతే అది ఎప్పుడూ పూర్తి శక్తితో అరుస్తూనే ఉంటుంది. బోర్డు మీద కెపాసిటర్లు పైకి ఉబ్బి ఉన్నాయేమో చూడండి. వాటికి ప్రతి 10 డిగ్రీలకి ఆయుష్షు సగమవుతుంది, ఒక్క వేసవికే పోయినా వింత లేదు.

కొత్తపట్నం_గట్టు
రెండు ఉబ్బి ఉన్నాయి. ఫోటో రేపు పెడతా.

ఎర్రగొండపాలెం_అంచు
మేట్ అన్నా, ఫోన్ బాగా కాలినప్పుడు స్విచ్ ఆఫ్ చేయాల్సిన పని లేదు. మళ్లీ ఆన్ అయ్యేటప్పుడు ప్రాసెసరు గట్టిగా పనిచేసి ఇంకా వేడెక్కుతుంది. ఫ్లైట్ మోడ్ పెట్టి, స్క్రీన్ ఆపి, నీడలో అట్టముక్కతో విసురు.

దర్శి_బ్యారన్
విసిరితే వడగాలే గదా తగిలేది?

ఎర్రగొండపాలెం_అంచు
గాలి 43, ఫోన్ 52. ఆ తొమ్మిది డిగ్రీల్లో సగానికి పైగా విసనకర్రే తీస్తుంది.

పొదిలి_మేట్
ఇవాళ చూశా. కవరు తీసేసి, 4జీకి మార్చి, డబ్బా పద్ధతి పెట్టా. పదకొండుకి కెమెరా తెరుచుకుంది, ఫోటో ఎక్కింది. బ్యాటరీ అంకె పొద్దున, మధ్యాహ్నం మారుతూనే ఉంది కాబట్టి డూప్లికేటు కాదు. ఒక్కటే ఇబ్బంది. ఉన్న ఒక్క టిఫిన్ డబ్బా ఫోన్‌కి పోయింది, అన్నం దేంట్లో తీసుకుపోవాలి?

నెల్లూరు_పులుసు
అన్నం జేబులో పెట్టుకో. కావలాయన చెప్పాడుగా, ఒళ్లు చల్లగా ఉంటాదని.

మార్కాపురం_పలక
రెండు గిన్నెల క్యారేజీ కొనుక్కో అన్నా. పై గిన్నెలో ఫోన్ పెట్టు, కింద గిన్నెలో చద్దన్నం. వేడన్నం అయితే మాత్రం వేరే డబ్బా.